'ఏడిపించడం' ఒకటే, ఇంగ్లీషు మాటలు మాత్రం నాలుగు: ఏది ఎప్పుడు వాడాలి, ఎలా నేర్చుకోవాలి?

కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఇంగ్లీషులో ఫిర్యాదు రాసింది. ఫిర్యాదు లేఖ ఎలా రాయాలో అంతకు వారం ముందు పాఠం చెప్పింది నేనే. తోటి విద్యార్థి ఒకడు రోజూ తనను 'టీజ్' చేస్తున్నాడని అందులో ఉంది. కాగితం చదివిన పెద్దమనిషి నవ్వి, పిల్లలన్నాక ఆటపట్టించుకోరా అని పక్కన పెట్టారు. ఆ అబ్బాయి చేస్తున్నది ఆటపట్టించడం కాదు. రెండు నెలలుగా మధ్యాహ్న భోజనంలో ఆమెకిచ్చే గుడ్డు లాక్కుంటున్నాడు. ఎవరికైనా చెబితే సంగతి చూస్తానంటున్నాడు. ఆమెతో ఎవరూ మాట్లాడకుండా తరగతినంతా తిప్పుకున్నాడు.

తప్పు ఆ పెద్దమనిషిది సగమైతే నాది సగం. 'టీజ్ అంటే ఏడిపించడం' అని నల్లబల్ల మీద రాసి, నోట్సులో ఎక్కించుకోమన్నది నేనే. మనసులో ఏడిపించడం అనుకున్న పిల్ల, నోట్సు తిరగేసి టీజ్ అని రాసింది. అప్పటి నుంచి వెక్కిరింపు, బెదిరింపు, మంచితనం చుట్టూ తిరిగే ఇంగ్లీషు మాటలు నేర్పడానికి ఐదు దారులు మార్చి మార్చి వాడి చూశాను. రెండు వరుసల పట్టిక, తెలుగు అర్థాలిచ్చే నిఘంటువు, నేర్చుకునేవారి కోసం ఇంగ్లీషులోనే రాసిన నిఘంటువు, అట్టముక్కల పెట్టె, పిల్లల చేత సంభాషణ ఆడించడం. ఏది ఎవరికి నప్పుతుందో చెబుతాను కానీ, ముందు ఆ మాటల్లో ఉన్న చిక్కు చెప్పాలి. చిక్కు తెలియనంతవరకు అన్ని దారులూ ఒకేలా కనిపిస్తాయి.

ఉమ్మడి కుటుంబం లాంటి మాట

మన 'ఏడిపించడం' ఉమ్మడి కుటుంబం లాంటిది. బావ మరదలిని ఏడిపిస్తాడు, అది సరసం. అన్న చెల్లెలి జడ లాగి ఏడిపిస్తాడు, అది అల్లరి. పెద్ద తరగతివాడు చిన్నవాణ్ని ఏడిపిస్తాడు, అది దౌర్జన్యం. బస్టాండులో ఎవడో అమ్మాయిలను ఏడిపిస్తాడు, అది నేరం. ఇవన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. చెప్పేవారి గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి ఏ ఏడిపించడమో వినేవారికి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో వీటికి వేరుకాపురాలు. ఏ గడప తొక్కాలో నోరు తెరవకముందే తేల్చుకోవాలి.

'టీజ్' వీటిలో తేలికైనది. ఆటపట్టించడం, మేలమాడటం, పరాచికాలాడటం దీని కిందికి వస్తాయి. ఈ మాటకు మొదట్లో ఉన్ని పీచును లాగి విడదీయడం అని అర్థం, మనవాళ్లు దూది ఏకడం అంటారే అలాంటిది. పీచు లాగినట్టు మనిషిని కాస్త కాస్తగా గిల్లడం అనే అర్థం తర్వాత వచ్చింది. ఏకు మేకైతే మాత్రం ఆ మాట చాలదు. నొప్పించే టీజింగ్ కూడా ఉంటుంది, ఇంగ్లీషువాళ్లూ అలా వాడతారు. అయితే కాగితం మీద ఆ ఒక్క మాటే కనిపిస్తే చదివేవారు తేలిక అర్థమే తీసుకుంటారు. మా బడిలో జరిగింది అదే.

'బుల్లీ' బరువైనది. మన పిల్లలు దీన్ని 'బల్లీ' అని పలకడం ఏటా వింటుంటాను. బుల్లితెరలోని బుల్లిని తలుచుకుని చివర కాస్త సాగదీయమంటాను. మన బుల్లి అంటే చిన్నది, ముద్దుది. వాళ్ల బుల్లీ ఎదుటివాళ్లను చిన్నబుచ్చేవాడు. తమాషా ఏమిటంటే, పదహారో శతాబ్దపు ఇంగ్లీషులో బుల్లీ కూడా ముద్దు పిలుపే, 'ప్రియమైనవాడా' అన్నట్టు. నూట యాభై ఏళ్లు గడిచేసరికి, బలహీనుల మీద పడేవాడు అన్న అర్థానికి దిగింది.

ఈ మాట హద్దులను బిగించి చెప్పినవారిలో డాన్ ఓల్వేయస్ ముఖ్యుడు. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. బడిపిల్లల మధ్య దౌర్జన్యం మీద 1970లలోనే పరిశోధన చేశాడు. కావాలని చేయడం, పదేపదే చేయడం, ఇద్దరి బలంలో తేడా ఉండటం: ఈ మూడూ ఉంటే బుల్లీయింగ్ అన్నాడు. 1983లో నార్వే దేశమంతటా బడుల్లో దీనికి వ్యతిరేకంగా కార్యక్రమం మొదలుపెట్టింది. బలమంటే కండబలమే కానక్కరలేదు. మంది, డబ్బు, తండ్రి పలుకుబడి, ఒంటి రంగు, ఇంగ్లీషు గడగడా రావడం, కులం, అన్నీ బలాలే. ఇద్దరు సమానులు కొట్టుకుంటే అది 'ఫైట్'. ఒక పిల్ల మరో పిల్లకు కటీఫ్ చెబితే అది చిన్ననాటి అలక, సాయంత్రానికి మళ్లీ జట్టు. తరగతంతా కూడబలుక్కుని ఒకే పిల్లకు కటీఫ్ చెబితే అది బుల్లీయింగే. ఎవరూ చెయ్యి ఎత్తకపోయినా సరే. అలా వెలివేయడానికి ఇంగ్లీషులో 'లీవ్ అవుట్' అన్న తేలిక మాట ఉంది, కాగితం మీద రాయాలంటే 'ఎక్స్‌క్లూడ్' ఉంది.

అందుకే ఇప్పుడు నల్లబల్ల మీద అర్థం రాయడం మానేసి మూడు ప్రశ్నలు రాస్తున్నాను. ఎన్నిసార్లు జరిగింది? ఎవరిది పైచేయి? ఇద్దరూ నవ్వుతున్నారా, ఒక్కరేనా? ఇద్దరూ నవ్వుతుంటే టీజ్. ఒక్కరే నవ్వుతూ, అది రోజూ జరుగుతూ, ఏడ్చేవారు ఎదురు తిరగలేని స్థితిలో ఉంటే బుల్లీ.

'హెరాస్' పెద్దల లోకంలోని మాట, చట్టాల మాట. మన 'వేధించడం' దీనికి చక్కగా సరిపోతుంది. అద్దె ఇంటివాళ్లను, ఉద్యోగిని, అప్పు తీసుకున్నవాణ్ని వదలకుండా వెంటపడి ఇబ్బంది పెట్టడం. పనిచేసే చోట మహిళల రక్షణకు 2013లో వచ్చిన చట్టం పేరులో ఉన్నది ఈ మాటే. ఆరేళ్ల పిల్లవాడు తోటివాడి గురించి ఈ మాట వాడితే కాస్త పెద్దరికం మీద వేసుకున్నట్టుంటుంది కానీ, పద్నాలుగేళ్ల అమ్మాయి తన వెంటపడేవాడి గురించి ఇదే వాడాలి, టీజ్ కాదు.

పుస్తకంలోని అర్థం, చట్టంలోని అర్థం ఒకటి కాకపోవచ్చు. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న న్యూజెర్సీలో 2011లో బుల్లీయింగ్ వ్యతిరేక చట్టం వచ్చింది. అక్కడి బడులు హెరాస్‌మెంట్, ఇంటిమిడేషన్, బుల్లీయింగ్ అనే మూడింటినీ కలిపి 'హెచ్ఐబి' అంటాయి. ఒక్కసారి జరిగిన ఘటన కూడా అందులోకి రావచ్చు. ఓల్వేయస్ చెప్పిన 'పదేపదే' అన్న షరతు అక్కడ తప్పనిసరి కాదు. ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉన్న తల్లికి బడి నుంచి ఆ మూడు అక్షరాలతో ఉత్తరం వస్తే, 'ఒక్కసారే కదా' అనుకుని పక్కన పడేయకూడదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 'మాక్' అంటే వెక్కిరించడం, ముఖ్యంగా నడకనో మాటనో అనుకరించి. 'పిక్ ఆన్' పిల్లల నోట సహజంగా పలికే మాట, 'ఎప్పుడూ నామీదే పడతాడు' అన్నదానికి అచ్చంగా సరిపోతుంది. 'మీన్' అంటే అర్థం అని మాత్రమే తెలిసిన మన పిల్లలు, అమెరికా బడిలో ఎవరినైనా 'మీన్' అంటే బిత్తరపోతారు. అక్కడ చిన్నపిల్లలు రోజుకు పదిసార్లు వాడే మాట అది, చెడ్డబుద్ధి చూపించేవాడు అని.

ఒక విషయంలో మాత్రం తొందరపడకూడదు. కులం పేరు పెట్టి పిలవడాన్ని మన పిల్లలు టీజింగ్ అని, నిక్‌నేమ్ అని రాయడం చూశాను. అది రెండూ కాదు. జాతిని, కులాన్ని, మతాన్ని పట్టుకుని కించపరిచే మాటకు ఇంగ్లీషులో 'స్లర్' అని ప్రత్యేకంగా పేరుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారిని నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఫిర్యాదులో తేలిక మాట పడితే నేరమే తేలికైపోతుంది.

మన దేశపు ఇంగ్లీషు

ఇంగ్లీషు అనుకుని మనం వాడే మాటలు కొన్ని మన సరిహద్దు దాటితే అర్థం కావు. 'ర్యాగింగ్' అందులో మొదటిది. ఇక్కడ అది పూర్తిగా చెల్లే మాట, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన చట్టం పేరులోనే ఉంది, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2009 నాటి నిబంధనల్లోనూ ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో కాలేజీలో ఉన్న విద్యార్థి సీనియర్ల దౌర్జన్యాన్ని బుల్లీయింగ్ అని రాయనక్కరలేదు. ర్యాగింగ్ అని రాస్తేనే కాలేజీ వెంటనే కదలాల్సి వస్తుంది. అదే విద్యార్థి టెక్సాస్ వెళ్లి ఆ మాట వాడితే ఎదుటివారు తెల్లమొహం వేస్తారు. అక్కడ కొత్తవాళ్లను చేర్చుకునే పేరుతో పెట్టే బాధకు 'హేజింగ్' అంటారు. బ్రిటన్‌లో ఇంకా విచిత్రం. అక్కడి విశ్వవిద్యాలయాల్లో 'ర్యాగ్ వీక్' అంటే విద్యార్థులు వేషాలు కట్టి, సరదాలు చేసి, దానధర్మాలకు చందాలు వసూలు చేసే వారం!

'ఈవ్ టీజింగ్' కూడా మన ఉపఖండపు మాటే. దీన్ని ఇక్కడా వదిలేయాలి. నేరాన్ని సరసం చేసి చూపిస్తుందది. 2023లో సుప్రీంకోర్టు విడుదల చేసిన చేతిపుస్తకం ఈ మాట బదులు వీధిలో జరిగే లైంగిక వేధింపు అనే అర్థమిచ్చే మాట వాడమంది. వెంటపడటానికి 'స్టాకింగ్' అన్న మాట ఉంది, 2013 నుంచి అది మన చట్టంలో విడిగా నేరం కూడా.

తెలుగులో కలిసిపోయి రంగు మారిన మాటలు మరికొన్ని. 'మా లెక్కల సారు టార్చర్ పెడుతున్నారు' అంటే హోంవర్కు ఎక్కువిస్తున్నారని మనకు అర్థమవుతుంది. ఇంగ్లీషు ఫిర్యాదులో టార్చర్ అని రాస్తే పోలీసు చిత్రహింసలు గుర్తొస్తాయి. 'కామెంట్ చేశాడు' అంటే మనకు వెకిలిగా అన్నాడని, ఇంగ్లీషులో ఏదో అభిప్రాయం చెప్పాడనే. కాబట్టి ముందు 'రూడ్' అన్న మాట తగిలించాలి. 'వాడు ఫీలయ్యాడు' అంటే మనకు వాక్యం పూర్తయింది. ఇంగ్లీషువాడు తర్వాత ఏం మాట వస్తుందా అని ఎదురుచూస్తుంటాడు. ఏమని ఫీలయ్యాడు? 'హర్ట్' అనో, 'లెఫ్ట్ అవుట్' అనో చెబితే కానీ కథ ముందుకు సాగదు.

దయ పైనుంచి దిగుతుంది, కైండ్ పక్కనుంచి వస్తుంది

మంచి మాటలు నేర్పడం సులువనుకున్నాను. వాటి దగ్గరే ఎక్కువ తడబడ్డాను. 'కైండ్ అంటే దయగల' అని పట్టికలన్నీ ఒకే గొంతుతో చెబుతాయి. పక్కవాడి పట్ల దయగా ఉండమని ఏడో తరగతిలో ఒకణ్ని కోరితే, వాడు కంగారుగా 'వాడికేమైంది టీచర్?' అని అడిగాడు.

వాడి ప్రశ్న సరైనదే. మన దయ ఎప్పుడూ పైనుంచి కిందికి దిగుతుంది. దేవుడి దయ, దొరగారి దయ, తమరి దయ. కరుణ, కనికరం, జాలి కూడా అంతే, ఒకరు మెట్టు మీద ఉండాలి, ఒకరు మెట్టు కింద. ఇంగ్లీషు 'కైండ్' అలాంటిది కాదు. బంధువులు, ఒకే కుదురు అన్న అర్థమిచ్చే 'కిన్' అనే మాటకు అది చుట్టం. అయినవాణ్ని చూసినట్టు చూడటం దాని పుట్టుకలోనే ఉంది. పెన్ను ఇవ్వడం, ఆటలోకి పిలవడం, తప్పు పలికినప్పుడు నవ్వకపోవడం, ఇవన్నీ సమానుల మధ్య జరిగే కైండ్ పనులు. అందుకే 'బీ కైండ్' అన్నదాన్ని 'మంచిగా ఉండు' అని, 'మనవాడిలా చూసుకో' అని నేర్పుతున్నాను. దయ అన్న మాటను గుడికీ పద్యానికీ వదిలేశాను.

'నైస్', 'కైండ్' మధ్య ఎంచుకోవడం చాలామందికి కష్టం. నైస్ అంటే పైకి హాయిగా ఉండటం, ఇబ్బంది పెట్టకపోవడం. కైండ్‌లో ఎదుటివారి కోసం కాస్త సమయమో, సౌకర్యమో వదులుకోవడం ఉంటుంది. చిరునవ్వు నవ్వేవాడు నైస్. బస్సులో మీకు సీటిచ్చి తను గంటసేపు నిలబడ్డవాడు కైండ్. 'నైసుగా జారుకున్నాడు' అన్నప్పుడు ఆ మాటలోని పైపూతను మన తెలుగు సరిగ్గా పట్టుకుందనిపిస్తుంది. నిజానికి లాటిన్ మూలంలో నైస్ అంటే తెలియనివాడు, మధ్యయుగాల ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు తెలివితక్కువవాడు అని అర్థం.

'సింపథీ', 'పిటీ', 'ఎంపథీ' మూడూ మన దగ్గర ఒక మూటలోనే ఉన్నాయి. పిటీ అచ్చమైన జాలి. స్నేహితుడికి ఎదురుగా ఆ మాట వాడితే నొచ్చుకుంటాడు. సింపథీ అంటే నీ బాధకు నాకూ బాధగా ఉందనడం, పరామర్శకు వెళ్లినప్పుడు చెప్పేది. ఎంపథీ అంటే నీ చెప్పుల్లో కాళ్లు పెట్టి నడిచినట్టు నీ బాధను ఊహించుకోగలగడం. పిల్లలకు మొదటి రెండూ ఇప్పుడే అక్కరలేదు, మూడోది ఎనిమిదో తరగతి తర్వాత చాలు.

దరఖాస్తుల్లో మనవాళ్లు 'హెల్పింగ్ నేచర్' ఉందని రాసుకుంటారు. 'హెల్ప్‌ఫుల్' అన్న ఒక్క మాట చాలు. ఇక 'కైండ్లీ'. మన ఆఫీసు ఉత్తరాల్లో అది మర్యాద. అమెరికా, బ్రిటన్‌లలో ఏదైనా కోరుతూ కైండ్లీ అంటే ఒక్కోసారి బిగుసుకుపోయినట్టు, కాస్త చిరాకుపడుతున్నట్టు వినిపిస్తుంది. 'ప్లీజ్' ఎక్కడైనా చెల్లుతుంది.

నేను తప్పనిసరి అనుకునే మాట మరొకటుంది: 'స్టాండ్ అప్ ఫర్'. ఒకరి తరఫున నిలబడటం. 2007లో కెనడాలోని నోవా స్కోషియాలో తొమ్మిదో తరగతి కుర్రాడు గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చాడని తోటివాళ్లు ఏడిపించారు. అది చూసిన పన్నెండో తరగతి కుర్రాళ్లు ఇద్దరు అలాంటి చొక్కాలు యాభై కొనుక్కొచ్చి మర్నాడు బడిలో అందరికీ పంచారు. ఆ రంగు చొక్కాల రోజును కెనడా బడుల్లో ఇప్పటికీ ఫిబ్రవరి చివర్లో జరుపుతారు. టొరంటోలో ఉన్న మా బంధువుల పాప ఆ చొక్కా కావాలని ఏడిస్తే ఎందుకో వాళ్లమ్మకు అర్థం కాలేదు. ఈ ఒక్క ఉదంతం చెబితే బుల్లీ, 'బైస్టాండర్', స్టాండ్ అప్ ఫర్ మూడూ ఒకేసారి తలకెక్కుతాయి. బైస్టాండర్ అంటే పక్కన నిలబడి చూసేవాడు. రెండు మాటల్లోనూ నిలబడటమే ఉంది, ఎక్కడ నిలబడ్డారన్నదే తేడా.

ఐదు దారుల్లో ఏది?

రెండు వరుసల పట్టిక గురించి నా అభిప్రాయం ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఎడమ ఇంగ్లీషు, కుడి తెలుగు, రోజుకు పది మాటలు. వాట్సాప్‌లో తిరిగేవన్నీ ఇవే. పరీక్ష రేపనగా పనికొస్తుంది. పెన్సిలు, కిటికీ, వంకాయ నేర్చుకోవడానికీ పనికొస్తుంది, ఎందుకంటే వంకాయ ఎక్కడైనా వంకాయే. మనసుకు తగిలే మాటలకు మాత్రం ఇది ప్రమాదం. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి కాగితమే సాక్ష్యం.

ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థాలిచ్చే నిఘంటువు అంతకంటే నయం, ఒక మాటకు నాలుగైదు అర్థాలు చూపిస్తుంది కనుక. సి.పి. బ్రౌన్ కాలం నుంచి, అంటే 1852 నుంచి మనకు ఈ సంపద ఉంది. ఆంధ్రభారతి వెబ్‌సైటులో పాత నిఘంటువులు చాలా ఒకేచోట వెతకవచ్చు, ఉచితంగా. కానీ వాటిలోని తెలుగు ఇవాళ్టి పిల్లలకు ఇంకో నిఘంటువు కావాలనిపించేలా ఉంటుంది. పైగా ఆ నాలుగైదు అర్థాల్లో ఏది ఎప్పుడన్నది చెప్పవు. తెలుగు బాగా వచ్చి ఇంగ్లీషు తక్కువగా ఉన్న పెద్దవాళ్లకు, అనువాదం చేసేవాళ్లకు దీన్ని సిఫారసు చేస్తాను.

నేర్చుకునేవారి ఇంగ్లీషు నిఘంటువు నాకిష్టమైన దారి. మామూలు ఇంగ్లీషు నిఘంటువుతో దీన్ని కలగలపవద్దు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసం ప్రత్యేకంగా రాసినది. జపాన్‌లో ఇంగ్లీషు నేర్పిన హార్న్‌బీ 1942లో అక్కడే అలాంటిది ఒకటి తెచ్చాడు, తర్వాత అది ఆక్స్‌ఫర్డ్ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు అర్థాలన్నిటినీ సుమారు 2000 తేలిక మాటలతోనే వివరించింది. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పనితో వచ్చిన కోలిన్స్ కోబిల్డ్ అర్థాన్ని పూర్తి వాక్యంగా చెబుతుంది. ఎవరు, ఎవరిని, ఏం చేస్తే ఆ మాట వాడతారో వాక్యంలోనే ఉంటుంది. బుల్లీ లాంటి మాటకు ఇదే కావాలి, ఎందుకంటే ఆ మాటలో ఎప్పుడూ ఇద్దరు మనుషులుంటారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితం, ఉచ్చారణ వినవచ్చు కూడా. 'హెరాస్'ను బ్రిటిష్‌వాళ్లు సంప్రదాయంగా మొదటి అక్షరం మీద, అమెరికన్లు ఎక్కువగా రెండో అక్షరం మీద నొక్కి పలకడం అలా విన్నప్పుడే తెలుస్తుంది. ఒకే లోపం: కనీసం ఆరేడు వందల మాటలు ముందే రాకపోతే ఆ వివరణ ఎంత తేలికైనా కొండలాగే ఉంటుంది.

అట్టముక్కల పెట్టె మాటను నేర్పదు, నేర్చిన మాటను పోనివ్వదు. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. పెట్టెకు ఐదు గదులు. కొత్త కార్డు మొదటి గదిలో ఉంటుంది, రోజూ చూడాలి. సరిగ్గా చెబితే రెండో గదికి వెళుతుంది, అలా వెనక్కి వెళ్లేకొద్దీ చూసే రోజుల మధ్య ఎడం పెరుగుతుంది. తప్పు చెబితే ఏ గదిలో ఉన్నా మళ్లీ మొదటికి. మేం పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరించి చెప్పుల డబ్బాలో పెట్టుకున్నాం, పైసా ఖర్చు కాలేదు. ఫోనులో కావాలంటే 'యాంకీ' అనే యాప్ ఉంది. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో ఉచితం, ఐఫోన్‌లో మాత్రం కొనుక్కోవాలి. కార్డు వెనక ఒక్క మాట అర్థం రాస్తే ఇదీ పాత పట్టికే అవుతుంది. మా పిల్లలు ముందువైపు చిన్న ఘటన తెలుగులో రాస్తారు, 'సైకిల్ గాలి తీసేశారు, వారంలో నాలుగోసారి' అని. వెనక ఇంగ్లీషు మాట.

సంభాషణ ఆడించడం ఖర్చులేనిదే కానీ ఓపిక కావాలి. దీనివల్ల వచ్చేది మరే పుస్తకమూ ఇవ్వదు: గొంతు. 'స్టాప్ ఇట్' అన్న రెండు మాటలు తెలియని పిల్ల మా తరగతిలో లేదు. లేచి నిలబడి, కళ్లలోకి చూసి, ఆ రెండు మాటలు అనగలిగినవాళ్లు మొదటిరోజు నలభైమందిలో ముగ్గురు. ఒక జాగ్రత్త: నిజంగా ఏడిపించబడుతున్న పిల్లకు ఏడ్చే పాత్ర ఇవ్వకండి. నేనొకసారి తెలియక ఇచ్చాను. ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు ఆ పాత్ర నేనే వేస్తున్నాను, పిల్లలు తెగ ఉత్సాహంగా నా తరఫున నిలబడతారు.

ఎవరు ఏది పట్టుకోవాలి

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు అట్టముక్కలు, సంభాషణ చాలు. టీజ్, బుల్లీ, మీన్, పిక్ ఆన్, కైండ్, లీవ్ అవుట్, స్టాండ్ అప్ ఫర్, రిపోర్ట్ అనే ఎనిమిది మాటలు ఒక టర్ము అంతా నానాలి. యాభై మాటలు నేర్పాలనే ఆశ నాకూ ఉండేది, వదులుకున్నాను.

ఇంటర్, డిగ్రీ పిల్లలు నేర్చుకునేవారి నిఘంటువుకు మారిపోవాలి. పై చదువులకు వెళ్లేవాళ్లయితే ఏ దేశమో చూసుకుని అక్కడి మాట పట్టుకోవాలి. ఇక్కడే చదివేవాళ్లు ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522 నంబరు గుర్తుంచుకుంటే చాలు, ఇంగ్లీషులో మాట్లాడాలన్న దిగులు పెట్టుకోవద్దు. భయం వేసినప్పుడు మనసుకు దగ్గరి భాషలోనే చెప్పాలి, వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు.

విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులది తలకిందుల సమస్య. పిల్లలకు ఇంగ్లీషు మాటలన్నీ వచ్చు, పెద్దవాళ్లకు వాటి బరువు తెలియదు. పాప బడి నుంచి వచ్చి ఫలానా పిల్ల మీన్ అని చెబితే, 'పోనీలే, సరదాకి అని ఉంటుంది' అంటారు. వాళ్లకు పుస్తకం కంటే బడి పంపే నియమావళి కాగితం మంచి పాఠం. అందులోని పది మాటలను పాప చేతే తెలుగులో చెప్పించుకుంటే ఇద్దరి భాషా మెరుగుపడుతుంది.

ఉద్యోగస్థులకు నేను చెప్పగలిగింది తక్కువ. మెయిలులో మాట పడిందంటే వెనక్కి తీసుకోలేరు కనుక, బుల్లీ, హెరాస్ అనే ముందు ఏ తేదీన ఏం జరిగిందో వరసగా రాయండి. వివరం బలంగా ఉంటే మాట ఎంపిక సగం దానంతటదే తేలుతుంది.

మా పిల్లల చెప్పుల డబ్బాలో 'రిపోర్ట్' అన్న కార్డు వెనక అర్థం రాసి ఉండదు. 1098 అని రాసి ఉంటుంది, పిల్లల సహాయానికి ఉన్న నంబరు. ఆ కార్డుకు ఎన్నిసార్లు సరిగ్గా జవాబు చెప్పినా రెండో గదికి పంపం. రోజూ కనబడాలని మొదటి గదిలోనే ఉంచుతున్నాం.